సర్వీస్ రెడీ... సర్వీసేదీ?

సముద్రం అడుగున కేబుల్ వేయడం తేలికేనట. నాగార్జున సాగర్ కుడి కాలువ దాటించడమే బ్రహ్మవిద్యట!

నమ్మరా? 2025 అక్టోబర్ 14న ఢిల్లీలో సంతకాలయ్యాయి. విశాఖకు గూగుల్ వస్తోంది. ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడుతుందట. గిగావాట్ డేటా సెంటర్ కడుతుందట. సముద్రగర్భంలోంచి తీగలొచ్చి విశాఖ ఒడ్డున తేలతాయట. రానివ్వండి. ఎవరు కాదన్నారు? మన పిల్లలకు నాలుగు ఉద్యోగాలొస్తే అంతకన్నా ఏం కావాలి? ఆ కంపెనీకి భూమిలో, నీళ్లలో, పన్నుల్లో కలిపి 22 వేల కోట్ల రూపాయల దాకా రాయితీలట. అదీ సరే. పెద్ద చుట్టం, పెద్ద మర్యాద.

మరి ప్రత్తిపాడు పత్తి రైతు ఏమడిగాడు? భూమి అడిగాడా? పన్ను మినహాయింపు అడిగాడా? ఓటీపీ అడిగాడు. నాలుగంకెలో ఆరంకెలో, అది గడువులోపు ఫోన్లో పడితే చాలన్నాడు. దానికి మాత్రం ఖజానాలో డబ్బుల్లేవు!

పోయిన సీజన్ సంగతే చూడండి. పొడవు పింజ పత్తికి క్వింటాలు 8,110 రూపాయల మద్దతు ధర అని కేంద్రం ప్రకటించింది. భేష్. అయితే కేంద్ర పత్తి సంస్థ సీసీఐ కొనాలంటే ‘కపాస్ కిసాన్’ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలంది. యాప్‌కు స్మార్ట్‌ఫోన్ కావాలి. ఫోన్‌కు నెట్ కావాలి. నెట్‌కు సిగ్నల్ కావాలి. సిగ్నల్‌కు మేడ కావాలి. మేడెక్కడానికి మోకాళ్లు కావాలి. అరవై దాటిన రైతు దగ్గర ఈ వరసలో ఏముంది? ఏదీ లేదు. పత్తి ఉంది. దాన్నెవరూ అడగలేదు.

సాయంత్రం ఏడింటికి ప్రత్తిపాడు, పెద్దనందిపాడు, పర్చూరు, ఇంకొల్లు... ఏ వైపు ఊరికైనా వెళ్లండి. మేడ మీద ఓ మనవడు ఫోన్ పట్టుకుని నాలుగు మూలలూ తిరుగుతుంటాడు. కింద అరుగు మీద తాత మరో ఫోన్ పట్టుకుని కూర్చుంటాడు.

‘తాతా, ఓటీపీ వచ్చిందా?’

‘ఏదో వచ్చిందిరా అబ్బాయ్... లోన్ కావాలా అంటన్నాడు.’

‘అది కాదు తాతా, అంకెలు!’

‘అంకెలు కూడా ఉండాయిరా. పది లక్షలు ఇస్తాడంట.’

నవ్వొస్తోందా? ఆగండి. ఆధార్‌కు లింకైన నంబరు ఆ ఫోన్లో లేనే లేదు. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు జేబులో ఉంది. ఆ కొడుకు మీటింగ్‌లో ఉన్నాడు. బయటికొచ్చి అంకెలు చెప్పేసరికి గడువు దాటింది. మళ్లీ మొదలు. ఈసారి యాప్ తిరుగుతుంది. గుండ్రంగా, తీరుబడిగా, ప్రభుత్వోద్యోగి దర్జాతో తిరుగుతుంది. ‘సర్వర్ బిజీ.’ సర్వర్‌కైనా పనుంది, సంతోషం!

ఈలోగా ఊళ్లోకి వ్యాపారి వస్తాడు. ఆయనకు యాప్ లేదు, స్లాట్ లేదు, ఓటీపీ లేదు. కాటా ఉంది. ‘పెద్దాయనా, నీకు స్లాటొచ్చేసరికి పత్తి రంగు మారుద్ది. తుపాన్లు చూస్తన్నావుగా. రెండు వేలు తక్కువైతే అయింది, డబ్బు ఇప్పుడే చేతిలో పెడతా’ అంటాడు. బోరాలు ఆటో ఎక్కుతాయి. మద్దతు ధర మాత్రం ఢిల్లీలో క్షేమంగా ఉంటుంది. స్లాట్ దొరికినవాడు మాత్రం గెలిచాడా? జిన్నింగ్ మిల్లు గేటు దగ్గర రెండో పరీక్ష ఉంది. తేమ 8 శాతం దాటితే ధర కోత, 12 దాటితే అసలు కొనరు. స్లాట్ ఇచ్చిన రోజున వాన పడకూడదని యాప్‌లో ఎక్కడ నొక్కాలి?

ఇదొక్కటేనా? పంట వేస్తే ఈ-క్రాప్. పీఎం కిసాన్ డబ్బు పడాలంటే ఈకేవైసీ. రేషన్ బియ్యానికి వేలిముద్ర. ఉపాధి హామీ కూలీల హాజరుకు 2023 జనవరి నుంచి యాప్‌లో రోజుకు రెండుసార్లు ఫొటో. చెరువు గట్టున సిగ్నల్ లేకపోతే, తట్ట మోసిన మనిషి ఆ రోజు రికార్డుల్లో పుట్టనే లేదు. ఇక 2025 జనవరి 30న వాట్సాప్ గవర్నెన్స్ కూడా వచ్చేసింది. తొలి విడతలోనే 161 సేవలట. ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదట. నిజమే. ఇప్పుడు సిగ్నల్ చుట్టూ తిరిగితే సరిపోతుంది!

కర్నూలు వైపు నుంచి మిరప కోతలకు వచ్చే ఆడకూలీలను చూశారా? సీజనంతా మనూళ్ల కళ్లాల పక్కనే పట్టాల గుడిసెల్లో ఉంటారు. రోజంతా కాయ తుంచిన వేళ్లు. ముద్ర అరిగిపోయిన వేళ్లు. యంత్రం మీద పెడితే ‘సరిపోలలేదు’ అంటుంది. చెయ్యి కడుక్కురమ్మంటారు. కడుక్కొచ్చాక వేలు పడుతుంది, నెట్ పోతుంది. నెట్ వచ్చాక వేలు పడదు. రెండూ కుదిరే ముహూర్తం ఏ పంతులు పెట్టాలి?

అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. నెట్ లేకుండా బతకడం కుదరదని శాసించింది ఎవరు? ప్రభుత్వం. మరి ఆ నెట్ ఊరికి చేర్చాల్సింది ఎవరు? ఆ మాటెత్తగానే అందరూ ఆకాశం వంక చూస్తారు. బహుశా అక్కడ సిగ్నల్ ఉందేమో.

డబ్బుల్లేవంటే నమ్ముతారా? నమ్మకండి. డబ్బుకేం, బ్రహ్మాండంగా పెట్టారు. ఎక్కడ పెట్టారన్నదే కథ.

2011 అక్టోబర్. యూపీఏ ప్రభుత్వం. దేశంలోని రెండున్నర లక్షల పంచాయతీలకు ఫైబర్ అన్నారు. 20 వేల కోట్లన్నారు. రెండేళ్లన్నారు. రెండేళ్లయింది. ప్రభుత్వం కూడా మారింది. కొత్త ప్రభుత్వం ఏం చేసింది? పేరు మార్చింది. భారత్‌నెట్! అంచనా 42 వేల కోట్లకు పెరిగింది. గడువు 2019 మార్చి అన్నారు. అది దాటింది. 2020 ఆగస్టు 15న ఎర్రకోట మీంచి ప్రధాని 1000 రోజులన్నారు. ఈసారి పంచాయతీలు కూడా కాదు, ఆరు లక్షల ఊళ్లు! చప్పట్లు. 1000 రోజులు 2023 మే నెలలో నిండాయి. ఎవరైనా గమనించారా? అదే ఏడాది ఆగస్టులో ‘సవరించిన భారత్‌నెట్’ వచ్చింది. అంచనా 1,39,579 కోట్లు. గుంటూరు యార్డులో మిర్చి ధర 2025 ఫిబ్రవరిలో కుప్పకూలితే కేంద్రం క్వింటాలుకు 11,781 అని లెక్క కట్టి ఊరుకుంది. భారత్‌నెట్ ధర ఒక్కసారైనా పడిందా? ఏ కాలంలోనూ పడలేదు. దానికి తాలు లేదు, తేమ లేదు, గ్రేడింగ్ లేదు.

మధ్యలో ఓ ముచ్చట కూడా జరిగింది. 2021 జూన్‌లో 16 రాష్ట్రాల్లో ఈ పని ప్రైవేటుకిస్తామన్నారు. లాభం చాలకపోతే 19,041 కోట్లు ఎదురిస్తామన్నారు. ఎవరొచ్చారు? ఒక్కరూ రాలేదు. టెండరే ఎత్తేశారు. మన పల్లెల్లో లాభం లేదని దేశంలోని ఇన్ని మహా కంపెనీలూ ముక్తకంఠంతో చెప్పాయన్నమాట. అవే కంపెనీలు 2024 జూలైలో ఏం చేశాయి? మీ రీచార్జి పెంచాయి. 28 రోజులకు 239 ఉన్న ప్యాకేజీ ఒక్క దెబ్బకు 299 అయింది. ఊళ్లోకి తీగ లాగడానికి లాభం లేదు. ఊళ్లోంచి డబ్బు లాగడానికి ఉంది!

ఆ 299లో ఇంకో తమాషా ఉంది. టెలికం కంపెనీల ఆదాయంలో 5 శాతం పల్లెల్లో టెలిఫోన్, ఇంటర్నెట్ కోసమని ప్రభుత్వం వసూలు చేస్తుంది. ఇరవై ఏళ్లకు పైగా చేస్తోంది. కంపెనీ సొంత జేబులోంచి కడుతుందా? మన రీచార్జిలోంచే. అంటే మిరప చేలో కూలికెళ్లే మనిషి కూడా తన ఊరి ఫైబర్‌కు చందా కట్టేసింది. అడ్వాన్సుగా. ఏళ్ల తరబడి. ఆ చందా ఏమైంది? 2023 నాటికి 70 వేల కోట్లకు పైగా ఖర్చు కాకుండా కాగితాల మీద పడి ఉంది. ఆ ఏడాది చివర్లో కొత్త టెలికం చట్టం తెచ్చారు. ఆ డబ్బు ఖర్చుపెట్టడానికా? నిధికి ‘డిజిటల్ భారత్ నిధి’ అని నామకరణం చేయడానికి. మా ఊళ్లలో బారసాల ఒకసారే చేస్తారు. ఢిల్లీలో ప్రాజెక్టు నడవనప్పుడల్లా చేస్తారు.

సరే, ఇంత డబ్బుకు కొంతైనా జరిగిందా అంటారా? జరిగింది. 2.14 లక్షల పంచాయతీలు ‘సర్వీస్ రెడీ’ అయ్యాయని పార్లమెంటులో చెప్పారు. రెడీ! దేశం మొత్తమ్మీద ఆ తీగల నుంచి ఇళ్లకిచ్చిన ఫైబర్ కనెక్షన్లు ఎన్ని? పన్నెండు, పదమూడు లక్షలు. భాగించండి. పంచాయతీకి ఆరిళ్లు! సర్పంచి, ఉపసర్పంచి, ఇద్దరు వార్డు మెంబర్లు, కేబులబ్బాయి, వాళ్ల బావమరిది. అయిపోయింది డిజిటల్ విప్లవం.

మిగతా ఊరి సంగతి? పంచాయతీ ఆఫీసులో గోడకు ఓ తెల్ల డబ్బా వేలాడుతుంటుంది. దాని దీపం వెలిగిన రోజు ఊళ్లో పండగ. డబ్బా తాళం గుమస్తా దగ్గర, కరెంటు బిల్లు బకాయి, బ్యాటరీ చచ్చిపోయి ఏడాది. పెళ్లి వంటంతా వండి, విడిది గుమ్మం దాకా మోసుకొచ్చి, వడ్డించే మనిషికి కూలెవరిస్తారని గొడవపడి అక్కడే దించేసి పోయినట్టుంది వ్యవహారం. చుట్టాలు విస్తళ్ల ముందు కూర్చునే ఉన్నారు. వంట పూర్తయిందని మాత్రం వంటవాడికి బిల్లిచ్చేశారు.

అసలు తిరకాసంతా ఇక్కడే ఉంది. తీగ పరిచిన కిలోమీటరుకు బిల్లుంది. తీగ పనిచేసిన రోజుకు బిల్లు లేదు. ఇక ఏ కాంట్రాక్టరు అయినా ఏం చేస్తాడు? పరుస్తాడు. పరిచి పోతాడు.

ఇప్పుడు మన సొంత ముచ్చటకొద్దాం. ఢిల్లీని తిట్టడం తేలిక. అమరావతి మనదేగా!

ఊరూరికీ ఇంటర్నెట్ అన్న మాట మనకు కొత్తా? 2004లో ‘రాజీవ్ ఇంటర్నెట్ విలేజ్’లన్నారు. ఆ తర్వాత ఏపీ బ్రాడ్‌బ్యాండ్ అన్నారు. ఆ బోర్డులు ఏ పశువుల కొట్టానికి తడికలయ్యాయో ఎవరికి గుర్తు? వదిలేద్దాం. ఆ తర్వాతొచ్చింది ఫైబర్‌గ్రిడ్. 2017 డిసెంబర్ 27న సాక్షాత్తూ రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వెలగపూడికి వచ్చి ప్రారంభించారు. 149 రూపాయలకు 15 ఎంబీపీఎస్ నెట్, 250 చానెళ్లు, ఫోన్. ఆ రోజుల్లో ఆ ధరకు ఆ మాట చెప్పడం చిన్న విషయం కాదు. ఉన్నమాట ఒప్పుకుందాం. ఆలోచన మంచిదే.

చిక్కు ఎంపిక దగ్గరే వచ్చింది. భూమి తవ్వి కేబుల్ వేస్తే 5 వేల కోట్లవుతుందన్నారు. కరెంటు స్తంభాల మీద వేలాడదీస్తే 333 కోట్లతో సరి అన్నారు. వేలాడదీశారు. దాదాపు 24 వేల కిలోమీటర్లు. ఎంత మిగిలిందో చూశారా అని పత్రికా సమావేశాల్లో లెక్క చెప్పారు. మిగిలినమాట నిజం. ఎక్కడ వేలాడదీశారన్నదీ నిజమే. మనది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. ఈ నేలలో కరెంటు స్తంభం నిటారుగా నిలబడిందంటే పాతి ఇంకా ఏడాది కాలేదని గుర్తు. పత్తి బోరాలు మేడంత ఎత్తు పేర్చుకుని లారీ ఊళ్లోంచి కదిలిందంటే ముందు క్లీనర్ కర్రతో తీగలెత్తాలి. ఎత్తినంతసేపు ఎత్తుతాడు. ఆ తర్వాత తెగుతుంది. పైన కోతులు, కింద లారీలు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను ఇంకెక్కడా చోటు లేనట్టు బాపట్ల దగ్గరే తీరం దాటింది. స్తంభాలు వాలాయి. స్తంభం పడ్డాక దాని భుజమ్మీది తీగ నిలబడుతుందా?

కరెంటు తీగ తెగితే లైన్‌మన్ వస్తాడు. ఆలస్యంగానైనా వస్తాడు. ఫైబర్ వంక చూసి ‘అది మాది కాదు’ అంటాడు. కేబుల్ ఆపరేటర్ని అడిగితే ‘మెయిన్ లైన్ మాది కాదు’ అంటాడు. పంచాయతీ కార్యదర్శినడిగితే ‘ఏ లైన్?’ అంటాడు. ఫైబరంటే వెంట్రుకంత గాజుపోగు. దాన్ని పళ్లతో కొరికి మెలేస్తే అతకదు. స్ప్లైసింగ్ మిషన్ కావాలి. ఆ మిషన్ ఉన్న కుర్రాడు పక్క మండలంలో ఎక్కడో స్తంభం మీద ఉంటాడు. వాడొచ్చేదాకా రోడ్డు పక్క నల్లతీగ వేలాడుతుంటుంది. నాలుగు రోజులకు ఎవరో దాన్ని కోసి ఎద్దుల కొట్టంలో బట్టలారేసే దండెం కడతారు. ఆ మేరకు ఫైబర్ ఇంటింటికీ చేరినట్టే లెక్క.

కట్టే డబ్బుకు మంత్రివర్గ ఆమోదం, శంకుస్థాపన, ఫొటో, పూర్తి పేజీ ప్రకటన. కాపాడే డబ్బుకు? తెగిన తీగ అతికిస్తే ఏ మంత్రి రిబ్బన్ కత్తిరిస్తాడు? అతికించడమనే పనిలోనే కత్తెర లేదు. అందుకే దానికి బడ్జెట్ లేదు.

2019లో ప్రభుత్వం మారింది. కొత్తవాళ్లు ఆ తీగను ఏం చేయాలి? అతికించాలి, లేదా ఇంకా పొడిగించాలి. వాళ్లు కేసు పెట్టారు. పెట్టకూడదని ఎవరంటారు? 2021లో సీఐడీ ఎఫ్ఐఆర్ వేసింది. టెరాసాఫ్ట్ కంపెనీకి పని కట్టబెట్టడంలో 114 కోట్ల నష్టమంది. 2023లో చంద్రబాబు పేరూ చేర్చారు. 2024లో మళ్లీ ప్రభుత్వం మారింది. 2025 చివరికి అదే కేసు కోర్టులో మూతపడింది. ఎవరిది నిజం? మనకెందుకు? మన ప్రశ్న చిన్నది. కేసు తెరిచిన నాడూ నెట్ లేదు, మూసిన నాడూ నెట్ లేదు. మధ్యలో 149 ప్యాకేజీ ధర మాత్రం రెట్టింపయ్యింది.

ఆ ఐదేళ్లూ డిజిటల్ భక్తికేం తక్కువ చేయలేదు. ఊరూరా డిజిటల్ లైబ్రరీ అన్నారు. తొలి విడత 4,530. ఇంట్లోంచే, ఊళ్లోంచే ఉద్యోగం అన్నారు. చాలాచోట్ల పిల్లర్ల దగ్గరే ఆగాయి. పిల్లర్ మీదకెక్కితే సిగ్నల్ వస్తుంది కాబట్టి పూర్తిగా వృథా అనలేం. 2022 డిసెంబర్ 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ముఖ్యమంత్రి జగన్ ట్యాబుల పంపిణీ మొదలుపెట్టారు. 5.18 లక్షల ట్యాబులు. బైజూస్ పాఠాలు. ఆ పాఠాలను ట్యాబుల్లో ముందే నింపి ఇచ్చారు. ఎందుకు? నెట్ లేకపోయినా చూడొచ్చట! ఊళ్లో నెట్ లేదని ప్రభుత్వానికి తెలుసని ఇంతకన్నా గట్టి వాంగ్మూలం ఏం కావాలి? ఆ తర్వాత బైజూసే దివాలా కోర్టు మెట్లెక్కింది. అదింకో సినిమా.

సినిమా అంటే గుర్తొచ్చింది. 2023 జూన్‌లో ఆ ఫైబర్‌గ్రిడ్‌ను నడిపే ఫైబర్‌నెట్ సంస్థకు దివ్యమైన ఆలోచన వచ్చింది. ఫస్ట్ డే ఫస్ట్ షో! విడుదలైన రోజే 99 రూపాయలకు ఇంట్లోనే సినిమా. విశాఖలో మంత్రి గుడివాడ అమర్నాథ్ ప్రారంభించారు. పాఠం రాని తీగలో సినిమా వస్తుందట. ప్రభుత్వం మారాక సంస్థ చైర్మన్‌గా వచ్చిన జీవీ రెడ్డి ఇంకో లెక్క విప్పారు. రాంగోపాల్ వర్మ ‘వ్యూహం’ సినిమాకు 1.15 కోట్లు చెల్లించారని, దాన్ని చూసింది 1,863 మందేనని చెప్పి నోటీసులిచ్చారు. ఆయన చెప్పిన లెక్క నిజమైతే ఒక్కో వీక్షణకు ఎంత పడిందో మీరే భాగించుకోండి. ఆ డబ్బుతో ఎన్ని స్ప్లైసింగ్ మిషన్లు వచ్చేవో అది కూడా.

అక్రమంగా చేర్చుకున్నారంటూ 410 మంది ఉద్యోగులను తీసేస్తున్నామన్నారు. కనెక్షన్లు సగానికి పడిపోయాయన్నారు. అంతా బాగుంది. ఇక తీగ లేస్తుందనుకున్నాం. 2025 ఫిబ్రవరి. అదే చైర్మన్ విలేకరుల ముందుకొచ్చి తన సంస్థ ఎండీ మీదే విరుచుకుపడ్డారు. తొమ్మిది నెలల్లో ఒక్క కొత్త కనెక్షన్ కూడా ఇవ్వలేదన్నారు. వారం తిరక్కుండా ఎండీ బదిలీ. చైర్మన్ రాజీనామా. పదవికే కాదు, పార్టీకి కూడా! పాతవాళ్ల హయాంలో తీగ తెగింది. కొత్తవాళ్ల హయాంలో చైర్మన్ కనెక్షనే తెగింది.

ఇంతకీ మన ప్రత్తిపాడు ఉన్న జిల్లా ఏది? క్వాంటమ్ వ్యాలీ రాబోతున్న గుంటూరు జిల్లా! అమరావతికి ఐబీఎం 156 క్యూబిట్ల యంత్రం వస్తుందట. ఒకే కణం ఒకే సమయంలో ఉన్నట్టూ లేనట్టూ ఉంటుందట క్వాంటమ్ శాస్త్రంలో. మా పంచాయతీ నెట్ ఎప్పట్నుంచో అంతే. ఆ పరిశోధనకు ఐబీఎందాకా ఎందుకు, వట్టిచెరుకూరు రమ్మనండి.

ఉమ్మడి ప్రకాశం పడమటి వైపు వెళ్తే ఈ వెటకారం కూడా దక్కదు. పుల్లలచెరువు, దోర్నాల, యర్రగొండపాలెం. నల్లమల అంచున చెంచుగూడేలు. అక్కడ రేషన్ వేలిముద్రకు గుట్టెక్కాలి. కిలోమీటరుకు ఇళ్లు తక్కువ కాబట్టి లాభం రాదన్నది కంపెనీ లెక్క. కంపెనీ లెక్క అలాగే ఉంటుంది, దానికి తప్పు లేదు. లాభం రాని చోటికి పోవడానికేగా ప్రభుత్వం పుట్టింది! ఆ 5 శాతం వసూలు చేసిందీ అందుకేగా!

ఇక బీఎస్ఎన్ఎల్. పల్లెకు ఆఖరి ఆశ. 2019లో 69 వేల కోట్లు, 2022లో 1.64 లక్షల కోట్లు, 2023లో 89 వేల కోట్లు. మూడు ప్యాకేజీలు. ఇంత పోశాక 4జీ ఎప్పుడొచ్చింది? 2025 సెప్టెంబర్ 27న ప్రధాని జాతికి అంకితం చేశారు. ఊరంతా 5జీ గురించి మాట్లాడుకుంటున్నప్పుడు. సరే, స్వదేశీ పరికరాలు, ఆలస్యమైంది, ఒప్పుకుందాం. కాగ్ చెప్పిన ఇంకో సంగతో? బీఎస్ఎన్ఎల్ టవర్లను, ఇతర ఏర్పాట్లను వాడుకున్నందుకు రిలయన్స్ జియోకు వేయాల్సిన బిల్లు 2014 నుంచి పదేళ్ల పాటు వేయనే లేదట. నష్టం 1,757 కోట్లట. పదేళ్లు మర్చిపోయారు! మన ఊళ్లో రిటైర్డ్ మాస్టారు ల్యాండ్‌లైన్ బిల్లు పది రోజులు ఆలస్యం చేస్తే మర్చిపోయారా? పొద్దున్నే ఫోన్ మూగబోలేదూ?

దేశం సంగతి పక్కనపెట్టండి. గుంటూరుకు మాత్రం సాకు చెప్పే వీల్లేదు. గుంటూరు ఎంపీ పెమ్మసాని చంద్రశేఖర్ గారే 2024 జూన్ నుంచి కేంద్రంలో సహాయమంత్రి. ఏ శాఖలకు? ఒకటి గ్రామీణాభివృద్ధి. రెండోది కమ్యూనికేషన్లు. ఊరూ ఆయనదే, తీగా ఆయనదే! రాష్ట్రంలో ఆయన పార్టీయే. కేంద్రంలో ఆయన పార్టీ మద్దతు మీదే ప్రభుత్వం. ఇంకెవరి మీదకు నెడతారు? ఈ గ్రహాలన్నీ ఒకే ఇంట్లోకి మళ్లీ ఎప్పుడు చేరతాయి? ఇప్పుడు కూడా ప్రత్తిపాడులో ఓటీపీ రాకపోతే ఇక రాదనే అర్థం చేసుకోమంటారా?

సవరించిన భారత్‌నెట్‌లో ఒక మంచి మాట ఉంది. మూడేళ్లలో వేసి, పదేళ్లు నిర్వహించే బాధ్యత కూడా కాంట్రాక్టరుదేనట. ఐదేళ్లలో కోటిన్నర గ్రామీణ ఇళ్లకు ఫైబర్ ఇస్తారట. తీగ నిలవాలంటే కాపలా కావాలన్న జ్ఞానం పుట్టడానికి పన్నెండేళ్లు, లక్ష కోట్ల పెరుగుదల పట్టింది. పుట్టినందుకు సంతోషం. కానీ నిర్వహణ బాగుందని చెప్పేదెవరు? కాంట్రాక్టరు కంప్యూటరా? ఢిల్లీలో తెర మీద ఊరి పేరు పక్కన వెలిగే పచ్చ చుక్కా? ఆ పచ్చ చుక్కలు చూసే 2.14 లక్షల పంచాయతీలు రెడీ అన్నారు.

కాబట్టి అయ్యా, ఓ చిన్న సవరణ. దీనికి కొత్త నిధి అక్కర్లేదు, కొత్త పేరు అక్కర్లేదు, రాష్ట్రపతి రానక్కర్లేదు. కాంట్రాక్టరు బిల్లు కూడా యాప్‌లోనే పెట్టండి. పేరు మీ ఇష్టం. స్లాట్ బుక్ చేసుకోమనండి. పుల్లలచెరువులోనో, పెద్దనందిపాడులోనో పంచాయతీ ఆఫీసు గోడ మీది ఆ తెల్ల డబ్బా నెట్‌తోనే బుక్ చేయాలి. జేబులో సొంత డేటా వాడితే అనర్హత. ఈకేవైసీ తప్పదు. వేలిముద్ర తప్పదు. ఓటీపీ పది నిమిషాల్లో కొట్టాలి. అది కంపెనీ ఎండీ ఫోన్‌కు వెళ్తుంది, ఆయన మీటింగ్‌లో ఉంటాడు. సర్వర్ బిజీ అయితే మర్నాడు రావాలి. మర్నాడు స్లాట్లు అయిపోతే పై వారం. మంజూరు చేసే కార్యదర్శికీ, మంత్రికీ అదే డబ్బా, అదే తీగ, అదే క్యూ. బిల్లు పాసైతే ఇవ్వండి, మాకేం అభ్యంతరం లేదు. పాసవకపోతే ఊళ్లో వ్యాపారి ఉన్నాడు. ఓ నాలుగో వంతు తగ్గించుకుని ఆ బిల్లు కొంటాడేమో, కాటా పట్టుకుని సిద్ధంగానే ఉన్నాడు.